గోడబల్లి, అరవై ఒక్క ఫొటోలు

తెర తుడవడం అయింది. కీబోర్డు బోర్లించి తట్టడం అయింది. కళ్ళజోడు చొక్కా అంచుతో రుద్దడమూ అయింది. ఇక పని మొదలుపెట్టక తప్పదని తేలాక అతను ఫొటోల సాఫ్ట్‌వేరు బొమ్మ మీద రెండుసార్లు నొక్కి, అది తెరుచుకునేలోగా చెవిలో చిటికెనవేలు పెట్టి తిప్పుకున్నాడు. పందొమ్మిదేళ్ళుగా ప్రతి ఉదయం తొమ్మిదింపావుకి ఇదే వరస. ఆ రోజు మాత్రం తెర మీద ఫొటోలు రాలేదు. మధ్యలో ఓ బూడిదరంగు పెట్టె ఊడిపడి, కేటలాగు పాడైపోయిందనీ, తెరవడం కుదరదనీ, రిపేరు చేయమంటారా అనీ అడిగింది. చెయ్యమని నొక్కాడు. పచ్చగీత నలభై మూడు శాతం దాకా పాకి అక్కడే చతికిలబడింది. కాసేపటికి రిపేరూ కుదరలేదంటూ ఇంకో పెట్టె వచ్చింది.

"నీ మొహం," అన్నాడు కంప్యూటరుతో.

మనిషి ఎలా ఉంటాడో చెప్పడానికి ఇదే అదను, ఎందుకంటే ఇలా నోరు తెరుచుకుని తెర వంక చూస్తూ ఉండటమే అతని సహజ భంగిమ. యాభై నాలుగేళ్ళు. రంగేసిన జుట్టు, పాపిట పొడుగునా బయటపడ్డ తెలుపు. జేబు దగ్గర ఎప్పటిదో ఇంకు మరక ఉన్న చొక్కా, దాని కింద ఎవరి మాటా వినని పొట్ట. కుడి మణికట్టుకి బల్ల అంచు ఒరుసుకుని నల్లగా కాయకాసింది. ఇన్నేళ్ళ సర్వీసుకి అతనికి దక్కిన పతకం అదొక్కటే. స్టూడియో ముందుగదిలో కౌంటరు, ఓనరు, ఫ్రేముల్లో పళ్ళికిలిస్తున్న కొత్త దంపతులు ఉంటారు. వెనకగదిలో ఒక బల్ల, ఒక ఫ్యాను, ఇతను. కిటికీ లేదు. స్టూడియోలో వాళ్ళంతా అతన్ని కేటలాగు గారు అని పిలుస్తారు. ఆ 'గారు'లో మర్యాద ఎంతుందో అతనికీ తెలుసు.

జరిగిందేమిటో కాస్త విప్పి చెప్పాలి. ఫొటోలు వేరు, కేటలాగు వేరు. స్టూడియో తీసిన మూడు లక్షల ఎనభై వేల ఫొటోలూ డిస్కులో భద్రంగానే ఉన్నాయి. కానీ వాటి పేర్లన్నీ ఉత్త అంకెలు. ఏ అంకె వెనక ఏ మొహం ఉందో, ఏది ఎవరి పెళ్ళిదో రాసిపెట్టింది కేటలాగులో. అది పోతే మిగిలేది అంకెలు తగిలించుకున్న అనామకుల గుంపు. వాళ్ళకి ఒక్కొక్కరికీ ట్యాగు పెట్టడమే ఇతని ఉద్యోగం.

ఆ ట్యాగుల యవ్వారం కూడా చెప్పకపోతే ఇతని గురించి ఏమీ చెప్పనట్టే. పెళ్ళివారు వచ్చి, "మా పెద్దనాన్న ఉన్న ఫొటోలన్నీ తీసివ్వండి" అంటారు. వాళ్ళ పెద్దనాన్న ఎవరో ఇతనికేం తెలుసు? ఫొటోగ్రాఫర్లు పెళ్ళికూతురి పేరూ పెళ్ళికొడుకు పేరూ తప్ప మూడో పేరు తెచ్చిస్తే ఒట్టు. అందుకని మొదట్లో కర్ర తాత, నీలం చీర, ఎర్ర టై అంటూ గుర్తుకోసం ఏదో ఒకటి పెట్టుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే పెద్దమనిషే. రెండేళ్ళు తిరిగేసరికి ఏడుపుగొట్టు, పళ్ళసెట్టు, అడ్డుగోడ, తాగుబోతు బాబాయి మొదలయ్యాయి. రోజంతా ఎవరో ఒకరి సంబరాన్ని చూస్తూ కూర్చునేవాడికి, తనని పిలవని పెళ్ళిళ్ళ మీద కసి తీర్చుకునే దారి అదొక్కటే దొరికింది కాబోలు. ముఖాన ఎవరినీ ఒక్క మాట అనలేడు. బస్సులో తన కాలు తొక్కినవాడికి తనే సారీ చెప్పే రకం. శౌర్యమంతా ఆ చిన్న గడిలోనే. మేనకోడలి పెళ్ళి ఫొటోల్లో సొంత అక్కకి 'సైరన్' అని పెట్టాడు, తను ఆవిడ ఇంటి మేడమీద గదిలోనే ఉంటూ, రెండు పూటలా ఆవిడ చేతి వంటే తింటూ. అలా రెండు వేల నాలుగు వందల ట్యాగులు పోగయ్యాయి. అదేదో పెద్ద పద్ధతి అనుకుంటాడు ఓనరు, పాపం.

పదిన్నరకి ఆ ఓనరే వెనకగది తలుపు తోశాడు. వెనక ఒకావిడ ఉంది.

"కేటలాగు గారూ, అమ్మగారికి అర్జెంటుగా ఒక ఫొటో కావాలి. వీళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళన్నీ మనమే తీశాం. మొత్తం తొమ్మిది."

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. చేతిసంచీని రెండు చేతుల్తో పొట్టకి ఆనించి పట్టుకుని నిలబడింది.

"మా ఆయన పోయి పది రోజులైంది బాబూ," అంది, బయట వాన పడుతోందని చెప్పినంత మామూలుగా. "రేపు పదింటికి వాళ్ళ ఆఫీసులో సంతాప సభ. గోడకి పెట్టడానికి ఫొటో అడిగారు. ఆయన కెమెరా కనిపిస్తే చాలు, తప్పుకునేవాడు. ఇంట్లో ఉన్నది ఇదొక్కటే."

సంచీలోంచి ఆఫీసు గుర్తింపు కార్డు తీసింది. అందులో మనిషి కళ్ళు సగం మూసుకుని, నోరు సగం తెరుచుకుని, ఎవరో మెడపట్టి కెమెరా ముందుకి తోసినట్టు ఉన్నాడు.

"నేను తేకపోతే దీన్నే పెద్దది చేయిస్తారట. ముప్పై ఒక్క ఏళ్ళు చేశాడు బాబూ అక్కడ. ఈ దొంగమొహంతో ఆయన్ని వాళ్ళ గోడ మీద ఉండనివ్వను. మీ పెళ్ళి ఫొటోల్లో ఎక్కడో ఒకచోట సరిగ్గా పడే ఉంటాడు."

కార్డు చూడగానే అతను గుర్తుపట్టాడు. గోడబల్లి! ఏ పెళ్ళిలో చూసినా గోడకి అతుక్కుని, పలకరించినవాళ్ళ వైపు కన్నెత్తి చూడకుండా నిలబడే మనిషి. ఎంత పొగరో అనుకుని ఆ ట్యాగు తగిలించాడు. ఇప్పుడు చటుక్కున గుర్తుపట్టగలిగినందుకు లోపల కాస్త గర్వం కూడా కలిగింది, అదీ ఇతని సంస్కారం.

"సాయంత్రం నాలుగింటికి రండి మేడమ్," అన్నాడు. కేటలాగు పాడైందని చెప్పలేదు. చెబితే ఎలా పాడైందని అడుగుతారు.

ఎలా పాడైందంటే, ఇతని నిర్వాకం వల్లే. సాయంత్రం వెళ్ళేటప్పుడు డిస్కుని బీరువాలో పెట్టి తాళం వెయ్యాలని ఓనరు రూలు. పూర్వం ఆరుంపావు దాటాక ఉండే బస్సుని పద్నాలుగు నెలల కిందట ఆరూ పదికి జరిపారు. అప్పట్నుంచి ఇతను డిస్కు దీపం ఇంకా మిణుకుమిణుకుమంటూ ఉండగానే తీగ లాగేస్తున్నాడు. పైగా ప్రతి శుక్రవారం బ్యాకప్ తీసేముందు సాఫ్ట్‌వేరు ఒక మాట అడుగుతుంది, కేటలాగు బాగుందో లేదో పరీక్షించమంటారా అని. పరీక్షకి పదకొండు నిమిషాలు పడుతుంది. బస్సు పోతుందని ఆ టిక్కు తీసేశాడు. అంటే, పాడైన కేటలాగుకే వారం వారం నిష్ఠగా నకళ్ళు తీసి, తేదీలు వేసి, వరసగా దాచుకున్నాడన్నమాట. ఆ శ్రద్ధని ఏమనాలో తెలియదు.

మధ్యాహ్నం దాకా ఆ నకళ్ళతోనే కుస్తీ. మొన్న శుక్రవారానిది తెరిచాడు. అదే బూడిదరంగు పెట్టె. అంతకు ముందు శుక్రవారానిది తెరిచాడు. మళ్ళీ అదే. ఒక్కోదాన్ని విప్పి తెరవడానికి పన్నెండు నిమిషాలు. అరవై పైచిలుకు శుక్రవారాలు. సగానికి సగం వదిలేస్తూ వెళితే ఆరు ప్రయత్నాల్లో తేలిపోయే పని. ఇతను వెనక్కి ఒక్కొక్కటే తడుముకుంటూ పోయాడు. మధ్యలో, కేటలాగు పక్కనుండే లాక్ ఫైలు తీసేస్తే సరిపోతుందని ఎప్పుడో ఎవరో అన్నది గుర్తొచ్చి అది తీసేశాడు. డిస్కు మార్చి చూశాడు. కంప్యూటరు ఆపి, దండం పెట్టుకున్నంత సేపు ఆగి, మళ్ళీ పెట్టాడు. పెట్టె మాత్రం మారలేదు.

పన్నెండింటికి అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, వచ్చేటప్పుడు మెట్ల మీదికి బల్బు పట్టుకురా. మొన్న చెప్పాను, నిన్న చెప్పాను. నీకు చెప్పడం కంటే ఆ మెట్లకి చెప్పుకుంటే నయం."

"తెస్తాలేవే అక్కా, పనిలో ఉన్నాను."

"ఏం పనిరా నీ మొహానికి, బొమ్మలు చూడటమేగా! అన్నం తిన్నావా?"

"తింటాను."

"డబ్బా తెరవకుండా తెచ్చావంటే రేపట్నుంచి కట్టను, చెబుతున్నా."

ఫోను పెట్టేసి, తెర మీద ఎవరూ లేకపోయినా, 'సైరన్' అనుకున్నాడు. అయినా డబ్బా తెరిచి తిన్నాడు. తింటుండగానే బుద్ధి కూడా కాస్త పనిచేసింది. బస్సు వేళ మారింది పద్నాలుగు నెలల కిందట. అంతకు ముందు నకళ్ళన్నీ పరీక్ష పాసైనవే. చెయ్యి కడుక్కుని వచ్చి, బస్సు మారిన వారానికి ముందు శుక్రవారం తీసిన దాన్ని విప్పాడు. ఈసారి పెట్టె రాలేదు. తెర నిండా మొహాలు వచ్చాయి. పద్నాలుగు నెలల తిట్లు గాలికి పోతే పోయాయి, పాత తిట్లన్నీ పదిలంగా ఉన్నాయి.

ఇంకో చిక్కు మిగిలింది. ప్రతి ఫొటో మూలనా ఒక ప్రశ్నార్థకం. పోయినేడు పెద్ద ఫోల్డరుకి ఇంకో పేరు పెట్టాడు, పాత కేటలాగుకి ఆ సంగతి తెలియదు. కొత్త ఫోల్డరు ఎక్కడుందో చూపించాడు. ప్రశ్నార్థకాలు ఒక్కొక్కటే మాయమవుతూ పోయాయి. కుర్చీలో వెనక్కి వాలి ఒళ్ళు విరుచుకున్నాడు. పందొమ్మిదేళ్ళలో ఇతను చేసిన నికార్సైన పని ఇదొక్కటే కావచ్చు. చూసినవాడు లేడు.

సరిగ్గా నాలుగింటికి ఆవిడ వచ్చింది.

"మీరు బయట కూర్చోండి మేడమ్, నేను వెతికి తెస్తాను," అన్నాడు.

"వెతికేది మా ఆయన్ని. నేను చూడకపోతే ఎలా బాబూ?"

ఓనరు తనే స్టూలు తెచ్చి వేసి, వినయం ఒలకబోస్తూ గడపలో నిలబడ్డాడు. అతను తెరని కాస్త తనవైపు తిప్పుకున్నాడు. ఆవిడ స్టూలు కాస్త జరుపుకుంది.

ట్యాగు కొట్టకుండా గట్టెక్కుదామని మొదట పెళ్ళి పేర్లతో వెతికాడు. ఒక్కో పెళ్ళికి రెండు వేల పైచిలుకు ఫొటోలు. మొహాలు పరుగెడుతూనే ఉన్నాయి. ఇరవై నిమిషాల్లో రెండో పెళ్ళి సగం కూడా కాలేదు. ఆవిడ కళ్ళు నులుముకుంది.

"ఇలా అయితే రేపు పదింటికి ఇక్కడే ఉంటాం," అంది.

"ట్యాగుతో కొట్టండి కేటలాగు గారూ!" అన్నాడు ఓనరు. "అమ్మగారూ, ఈయనకి ఒక పద్ధతి ఉంది. ఎవర్ని అడిగినా క్షణంలో తీస్తాడు."

పందొమ్మిదేళ్ళలో ఓనరు అతన్ని పొగిడింది అదే మొదలు. చూసి చూసి ఇప్పుడే పొగడాలా! అతను మౌస్ అటూ ఇటూ కదిపాడు. దగ్గాడు. ఇక తప్పక 'గో' అని కొట్టాడు. మిగతాది సాఫ్ట్‌వేరే బుద్ధిగా పూర్తి చేసి పెద్ద అక్షరాల్లో చూపించింది. గోడబల్లి, అరవై ఒకటి.

కింద ఆయన. తొమ్మిది పెళ్ళిళ్ళు, తొమ్మిది గోడలు, అదే మనిషి. జుట్టు మాత్రం నెరుస్తూ వచ్చింది. ఆవిడ ముందు ఫొటోలన్నీ చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పైనున్న మాట చదివింది.

"గోడబల్లి అంటే?"

"అది... కోడ్ మేడమ్. మా లోపల్లోపల వాడుకునేది."

"మా ఆయనేనా?"

ఓనరు గడప వదిలి లోపలికి వచ్చాడు.

"ఆయనకి ఎడమ చెవి వినపడేది కాదు," అందావిడ, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే. "చిన్నప్పట్నుంచీ అంతే. ఆ పక్కనుంచి ఎవరైనా పిలిస్తే తెలిసేది కాదు. పలకలేదు, పొగరు అనుకుంటారని భయం. అందుకని ఎక్కడికెళ్ళినా ముందు గోడ వెతుక్కునేవాడు. ఎడం పక్కన గోడ ఉంటే ఇక అటునుంచి పిలిచేవాళ్ళు ఉండరు కదా. ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇవాళ మీకు చెప్పేశాను."

అప్పుడు చూశాడతను. ట్యాగు తగిలించిన రోజు చూడలేదు, మొహం దొరికితే చాలని చూడటం మానేసిన రకం కదా. అరవై ఒక్క ఫొటోల్లోనూ గోడ ఆయనకి ఎడం పక్కనే ఉంది.

"మరి నాకేం పెట్టారు?" అంది.

"మీకేం లేదు మేడమ్."

"ఇంతమందికి పెట్టి నాకు పెట్టలేదంటే నమ్ముతానా? కొట్టండి."

అబద్ధం ఆడొచ్చు. సులువు కూడా. కానీ ఆవిడ ఎదుట ఇంకో అబద్ధం అతని నోటికి రాలేదు. రెండు వేళ్ళతో, తప్పులు కొట్టి దిద్దుకుంటూ, 'రేడియో' అని కొట్టాడు. నూట పద్దెనిమిది. అన్నిట్లోనూ ఆవిడ నోరు తెరిచే ఉంది.

ఓనరు నవ్వాపుకోలేక మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడకి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు.

"ఇది నిజమే బాబూ. వాగుతూనే ఉన్నాను. వాగక ఏం చెయ్యను? ఎదుటివాళ్ళు అన్నదల్లా ఆయన కుడి చెవిలో వెయ్యాలి కదా. ముప్పై ఎనిమిదేళ్ళు వేశాను." సంచీని ఒళ్ళోకి జరుపుకుంది. "పది రోజులైంది, నాకు నోరు తెరిచే పనే లేదు."

అతనికి సిగ్గేసింది. ఆలస్యంగా వేసింది, ఇన్నేళ్ళకి వెయ్యాల్సినదాంట్లో వీసమెత్తు వేసింది, అయినా వేసింది. తల పైకెత్తలేక మౌస్ చక్రాన్ని తిప్పుకుంటూ పోయాడు.

"ఆపండి," అందావిడ.

ఒక ఫొటోలో ఆయన కెమెరాని చూసుకోలేదు. కుడి పక్కన ఆవిడ, ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతోంది. ఆయన అటు కొంచెం ఒరిగి, కళ్ళు చికిలించి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. బల్లి కాదు, పొగరు కాదు, చక్కని మనిషి.

"ఇదే," అంది. "ఏం చెప్పానో మాత్రం గుర్తు రావడం లేదు."

అతను రంగు సరిచేశాడు, గోడ మీద మసక తగ్గించాడు, మంచి కాగితం పెట్టి పెద్ద సైజులో ప్రింటు తీశాడు. ముందుగదిలోకి తనే తెచ్చి రెండు చేతుల్తో అందించాడు. ఆవిడ ప్రింటుని దూరంగా పట్టుకుని చూసి, తిరిగి కౌంటరు మీద పెట్టింది.

"నన్ను తీసేయండి."

"ఎందుకు మేడమ్? ఇద్దరూ బాగున్నారు. ఇలాగే ఉంచుకోండి." పందొమ్మిదేళ్ళలో ఒక కస్టమరుతో అతను ఇష్టంగా అన్న మాట ఇదే.

"ఆఫీసు గోడ మీద నేనెందుకు బాబూ? వాళ్ళు అక్కడ ఏం మాట్లాడినా నేనిక ఆయనకి చెప్పక్కర్లేదు. కత్తిరించండి."

కౌంటరు మీదున్న కట్టర్ కింద ప్రింటు పెట్టాడు. ఇద్దరి మొహాల మధ్యా వేలెడు సందుంది. పిడి ఒక్కసారి కిందికి లాగాడు. ఆయన భుజం మీదున్న ఆవిడ వేళ్ళు మాత్రం ఆయన వైపే ఉండిపోయాయి. అవి తీసేస్తే భుజం పోతుంది. ఆవిడ అది చూసింది. రెండు అట్టముక్కల మధ్య ఆయన్ని పెట్టించుకుని, సంచీలో జాగ్రత్తగా నిలబెట్టుకుని, "వస్తాను బాబూ" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అతను వెనకగదిలోకి వచ్చేసరికి ఓనరు అతని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ట్యాగుల జాబితా మొత్తం తెరిచి, పై నుంచి కిందికి చదువుతూ, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు.

"పళ్ళసెట్టు! మా పక్కింటాయనే కదయ్యా! అడ్డుగోడ... అబ్బబ్బ! ఇన్నాళ్ళూ ఇంత సరసం లోపల దాచుకున్నారా కేటలాగు గారూ? ఇదెవరు, సొంతడబ్బా? నాలుగు వందల పన్నెండు ఫొటోలా!"

వద్దని చెప్పేలోగా నొక్కేశాడు. తెర నిండా ఓనరు. పెళ్ళికూతురి పక్కన ఓనరు, పెళ్ళికొడుకుతో చెయ్యి కలుపుతున్న ఓనరు, తను తియ్యని ఫొటోలన్నిట్లో తనే తీశానన్నట్టు ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఓనరు. ఇంతసేపూ ఊరందరి మీదా నవ్విన మనిషికి ఆ నాలుగు అక్షరాలకి నవ్వు రాలేదు. మూతి బిగుసుకుంది. తెర ఆపేశాడు. లేచి, చొక్కా సర్దుకున్నాడు.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

"సరే," అన్నాడతను.

బతిమాలలేదు. పొరపాటైందనలేదు. ఆ మాట చెప్పాల్సినావిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది, ఈయనకి చెప్పాల్సిన పని లేదని మాత్రం అతనికి తోచింది. తెలివిగా తోచిన మాటలు అతని జీవితంలో ఎక్కువ లేవు, ఇదొకటి. తువ్వాలు మడిచాడు, ఖాళీ డబ్బా సంచీలో వేసుకున్నాడు. ముందుగదిలో నడుస్తూ కౌంటరు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. తర్వాత అతనూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కౌంటరు మీద, కట్టర్ పక్కన, ఆ ముక్క అలాగే పడి ఉంది: మూడు వేళ్ళ వెడల్పు నిగనిగలాడే కాగితం, అందులో అరచేతి దగ్గర తెగిపోయిన చెయ్యి చాచి, నోరు తెరిచి, పక్కన లేని మనిషికి ఏదో చెబుతున్న ఒకావిడ.